పదిహేడో కేంద్రం అడిగిన ప్రశ్న

అరవై నాలుగు వాతావరణ కేంద్రాలు. అరవై నాలుగు కంప్యూటర్లు. రోజూ పొద్దున్న తొమ్మిది కాగానే అన్నీ కలిసి ప్రశ్నలు మొదలుపెట్టేవి.

"నిన్నటి రీడింగులు పంపనా? వై/ఎన్."

"గడియారం సరిచెయ్యనా? వై/ఎన్."

వై అంటే అవును, ఎన్ అంటే కాదు. హెడ్డాఫీసులో కూర్చుని, ఒక్కో కేంద్రం కంప్యూటర్లోకి వెళ్ళి, ఒక్కో ప్రశ్నకీ వై నొక్కడం ఆమె ఉద్యోగం. భోజనాల వేళకి వేళ్ళు లాగేసేవి. విసుగెత్తి, ఓ వారం కూర్చుని ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాం, రాసింది. ఇక ప్రశ్న రావడమే ఆలస్యం, అదే వై కొట్టేసేది. మూడు గంటల పని నాలుగు నిమిషాలకి దిగింది. ఆఫీసులో ఆమెకి స్క్రిప్టమ్మ అని పేరు పడిపోయింది.

వాళ్ళక్క మాత్రం పడీపడీ నవ్వింది. "నలభై ఏళ్ళొస్తున్నాయి. ఎవర్ని చూపించినా కాదు, వద్దు, కుదరదు. నువ్వటే, అన్నిటికీ అవుననే ప్రోగ్రాం రాసింది?"

"అది యంత్రాలకక్కా."

చిక్కల్లా పదిహేడో కేంద్రంతో వచ్చింది. అది కొండ మీద ఉంటుంది. ఒక్కడే ఆపరేటరు. అతను తన కంప్యూటర్లో ప్రశ్నల్ని తోచినట్టు మార్చేసేవాడు. తెలిసిన ప్రశ్న కనపడక స్క్రిప్ట్ అక్కడికొచ్చి గుడ్లప్పగించి ఆగిపోయేది. ఆమె ఫోను చేసింది.

"ఏమండీ, 'చలికి గడియారం కూడా వణుకుతోంది, కాస్త సరిచేస్తారా' ఏమిటి? మామూలుగా అడగలేరా?"

"ఎవరైనా చదువుతారేమోనని రాశానండీ."

"ఎవరూ చదవరు. ఇక్కడ జవాబిచ్చేది స్క్రిప్టు."

"అలాగా," అన్నాడతను. అని ఫోను పెట్టేశాడు.

మానతాడనుకుంటే మరీ రెచ్చిపోయాడు. చదివే మనిషి లేదని తెలిశాక మొహమాటం పోయింది.

"పొద్దుట్నుంచీ ఒకటే వాన. గొడుగు తిరగబడి నేనూ తిరగబడ్డాను. నవ్వొస్తోందా? వై/ఎన్."

"వారమైంది మనిషి గొంతు విని. మీకూ ఎప్పుడైనా ఇలా ఉంటుందా? వై/ఎన్."

అన్నిటికీ వై వచ్చేది.

ఆమె మళ్ళీ ఫోను చెయ్యలేదు. పదిహేడు దగ్గర స్క్రిప్ట్ ఆగిపోవడమూ లేదు. అలా రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళలో అక్క నాలుగు సంబంధాలు తెచ్చింది. నాలుగింటికీ ఆమె కాదనే అంది.

ఒక బుధవారం పదిహేడో కేంద్రం ఇలా అడిగింది: "నన్ను పెళ్ళి చేసుకుంటారా? వై/ఎన్."

పదకొండు నిమిషాలకి వై వచ్చింది. కొండ మీదికి లైను ఎప్పుడూ నెమ్మదే. అతను దాన్ని చూసి, తనలో తాను నవ్వుకుని, వాన కొలత రాసుకోవడానికి బయటికెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండానే తనిఖీ వచ్చింది. వచ్చినవాళ్ళు రికార్డులన్నీ ప్రింటు తీయించారు. ఆ పెళ్ళి ప్రశ్న ఉన్న కాగితం వెళ్ళి వెళ్ళి మేనేజరు చేతిలో పడింది. ఆయన స్క్రిప్టమ్మని గదిలోకి పిలిచి, కొండ మీది ఆపరేటర్ని స్పీకరు ఫోన్లోకి తీసుకున్నాడు.

"ఆఫీసు కంప్యూటర్లో పెళ్ళి చూపులేమిటయ్యా?"

"తప్పేనండీ. అటువైపు ఉన్నది స్క్రిప్టే కదా, ఎవరినీ నొప్పించదనుకున్నాను. మేడంగారు క్షమించాలి."

"రేపు 'కేంద్రం తగలబెట్టనా' అని అడిగినా అది వై అంటుంది! నిన్ను ముందు అక్కణ్ణుంచి పీకెయ్యాలి."

"ఆయన్నేమీ అనకండి సార్," అంది ఆమె. "జవాబు వెళ్ళింది ఇక్కణ్ణుంచి."

మేనేజరు కొంచెం చల్లబడ్డాడు. "సరే, గొడవెందుకు? తనిఖీవాళ్ళకి రెండు ముక్కలు రాసిచ్చెయ్యండి. ఆ వై మనిషి ఇచ్చింది కాదు, స్క్రిప్ట్ దానంతటదే కొట్టింది, అది చెల్లదు అని. కింద సంతకం పెట్టండి. ఇద్దరి ఉద్యోగాలూ నిలబడతాయి."

తెల్లకాగితం ఆమె ముందుకి జరిపాడు. ఫోన్లో గాలి హోరు వినిపిస్తోంది.

"రాసెయ్యండి మేడం," అన్నాడతను మెల్లగా. "నాకు తెలిసిందే కదా."

ఆమె పెన్ను మూత తీసింది. తీసి, మళ్ళీ పెట్టేసింది.

"రాయలేను సార్."

"ఏం?"

"పదిహేడో కేంద్రాన్ని స్క్రిప్ట్‌లోంచి తీసేసి రెండేళ్ళయింది సార్, దానికి రోజూ జవాబు నేనే కొడుతున్నాను."