ఎవడమ్మా ఇది బిగించింది?

"దీన్ని కారంటారా అమ్మా? దీనికన్నా ఉబ్బసం పట్టిన గేదె నయం" అన్నాడు మేస్త్రీ.

ఆమె కారు ఇంకా పూర్తిగా షెడ్డులోకి రానేలేదు. నల్లటి పొగ అప్పుడే గేటు దాకా పరుచుకుంది. మేస్త్రీ ముక్కు మూసుకుని స్టూలు మీంచి లేచాడు. పొద్దున ఎవరో పెట్టి వెళ్లిన టీ ముట్టుకోకుండా అలాగే ఉంది.

"ఏమిటి రోగం?"

"లాగడం లేదండీ. ఎంత తొక్కినా పాకుతోంది."

"ఎన్నాళ్లనుంచి?"

"చాన్నాళ్లనుంచే."

"మరి ఇన్నాళ్లూ ఏం చేశారు, గుడ్లప్పగించి చూశారా?"

ఆమె పక్క సీటు తలుపు తెరిచింది.

ఇరవై ఏళ్ల నాటి టర్బో డీజిల్ బండి అది. ఆమె నడుపుతుంటే మేస్త్రీ పక్క సీట్లో కూర్చున్నాడు. వీధి చివర ఎత్తు రాగానే బండి నీరుగారిపోయింది. వెనక లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. మేస్త్రీకి అదేమీ పట్టలేదు. ముందుకు వంగి కళ్లు మూసుకుని వింటున్నాడు.

"టర్బో ఈల వెయ్యాలి. ఇది బుస కొడుతోంది. గాలి ఎక్కడో కారిపోతోంది. తిప్పండి వెనక్కి."

షెడ్డుకు వచ్చాక ముందు గాలి ఫిల్టరు తీసి చూశాడు. శుభ్రంగా ఉంది. డీజిల్ ఫిల్టరూ బాగానే ఉంది. టార్చి ఇంకాస్త లోపలికి తిప్పాడు. చేదు మింగినవాడిలా మొహం పెట్టాడు.

"ఛీ! ఛీ! ఏమిటమ్మా ఈ అసహ్యం?"

టర్బో నుంచి ఇంజినుకు గాలి తీసుకెళ్లే లావు రబ్బరు గొట్టం సగం ఊడి ఉంది. దాన్ని బిగించి పట్టే క్లాంపు వదులుగా వేలాడుతోంది. నూనె, మసి కలిసి చీమిడిలా కారుతున్నాయి. మేస్త్రీ దాన్ని వేలితో తీసి చూసి గుడ్డకు పులిమాడు.

"ఎవడమ్మా ఇది బిగించింది?"

"తెలిసినవాళ్లేనండీ."

"స్క్రూడ్రైవరు పట్టాల్సిన చేతులేనా అవి? విరిచి పొయ్యిలో పెట్టాలి."

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఆగండి, ఈ ఘనకార్యం ఇంకా ఉంది." టర్బోను అదుపు చేసే సన్నటి గొట్టాన్ని రెండు వేళ్లతో పైకి లాగాడు, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు. అది పగిలిన చోట గాయానికి వేసే ప్లాస్టరు చుట్టి ఉంది. "దెబ్బ తగిలిందా పాపం దీనికి? ఓ ఇంజెక్షను కూడా పొడవాల్సింది. థూ!"

పక్కకు తిరిగి ఉమ్మాడు.

"మనిషి మంచివారే అండీ. ఈ మధ్యే నేర్చుకున్నారు" అంది ఆమె మెల్లిగా.

"వెనకేసుకు రాకండి! అసలు నేర్చుకున్నవాణ్ని కాదు, నేర్పినవాణ్ని అనాలి. ఆ గురువెవడో గానీ శుద్ధ శుంఠ."

ఆమెకు నవ్వాగలేదు. మొహం పక్కకు తిప్పుకుంది. ఆ తర్వాత కాసేపటి దాకా ఇటు తిప్పలేదు.

మేస్త్రీ డ్రాయరు లాగాడు. సరిగ్గా అదే కొలత సన్న గొట్టం చుట్టలు చుట్టలుగా పైనే ఉంది. ఓ ముక్క కోసి, నోటితో ఊది చూసి తొడిగాడు. ఇందాక సొరుగు లాగేటప్పుడు వణికిన చేతులు ఇంజినులోకి వెళ్లాక నిలకడగా ఉన్నాయి. లావు గొట్టం మూతి తుడిచి, దాని స్థానంలో కూర్చోబెట్టి, పళ్లు కొరుకుతూ క్లాంపు బిగించాడు. పనిచేసినంతసేపూ తిట్లు ఆగలేదు.

"బండి నోరు లేనిదమ్మా. ఉంటే ఆ వెధవ మొహాన ఉమ్మేది."

మళ్లీ ఎత్తు ఎక్కారు. రెండో గేరులో సన్నగా ఈల మొదలైంది. ఎవరో వెనకనుంచి తోసినట్టు బండి ముందుకు ఉరికింది. మేస్త్రీ సీటుకు జారగిలబడ్డాడు.

"విన్నారా? అదీ!"

"విన్నానండీ."

షెడ్డు ముందు దిగి, వేలు చూపించి మరీ చెప్పాడు. "మళ్లీ ఆ దరిద్రుడి చేతిలో పెట్టారంటే నా గడప తొక్కకండి."

"పెట్టను మేస్త్రీ గారూ."

ఆయన కొళాయి దగ్గర మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కున్నాడు. ఆకలి దంచేస్తోంది, అన్నం పెట్టమని ఇంట్లోకి కేకేశాడు. లోపల కంచం పెట్టిన చప్పుడైంది.

ఆమె కారును షెడ్డు వెనక్కి తీసుకెళ్లి, బానెట్ ఎత్తి, తననే మరిచిపోయిన నాన్నకు రేపు కూడా ఇంత ఆకలి వేయాలని, రోజూలాగే ఆ క్లాంపు వదులు చేసింది.