పదో పేరు

"నాకెందుకండీ, మెంగ్ గారూ! ఎవరైనా పిల్లలకివ్వండి," అంది సమీహా, కాగితాల మీంచి తల ఎత్తకుండానే.

సరే, ఒకసారి వద్దనేసింది. ఇప్పుడతను రెండోసారి అడగాలి.

అతను అడగలేదు. విశ్వవిద్యాలయంలోని చైనా భాషా కేంద్రానికి చైనా పంపిన డైరెక్టరతను. "తమ ఇష్టం, మదామ్," అని పుస్తకాల్లో నేర్చుకున్న అరబ్బీలో వినయంగా పలికి, తన గదిలోకి వెళ్ళిపోయాడు.

పక్క బల్ల దగ్గర ఇన్షిరాహ్ టైపు చేయడం ఆపేసింది. "అక్కా, నీకేమైనా మతిపోయిందా? చైనాలో, హాంగ్‌జౌలో నెల రోజులు! టిక్కెట్టు వాళ్ళదే, తిండీ వాళ్ళదే!"

"అడగ్గానే ఎగిరి గంతేస్తారా ఎవరైనా? మళ్ళీ అడుగుతాడులే."

"అడక్కపోతే?"

"ఎందుకడగడూ? ఆ పాఠం చెప్పిందే నేను."

నిజమే. చైనా నుంచి ఈ ఇస్మాయిలియా ఊరికి కొత్తగా ఎవరొచ్చినా మొదటి గంట పాఠం సమీహాదే. "ఇక్కడ మొదటి వద్దు మర్యాద. రెండో వద్దు మొహమాటం. మూడోదే నిజం. మూడుసార్లు అడక్కుండా ఎవర్నీ వదిలేయకండి," అని చెబుతుంది. మెంగ్ వచ్చిన రోజున ఆ మాటలు నోటుపుస్తకంలో రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీశాడు. ఆమె కళ్ళారా చూసింది.

తన బల్ల దగ్గర కూర్చునే సమీహా రెండువందల మందికి పైగా పిల్లల్ని చైనా పంపింది. వీసాలు, ఫొటోలు, తండ్రుల సంతకాలు, విమానం ఎక్కేముందు తల్లుల ఏడుపులు, అన్నీ ఆమే చూసుకుంది. తన పాస్‌పోర్టు మాత్రం సొరుగులోనే ఉంది. గడువు తీరినప్పుడల్లా కొత్తది చేయిస్తుంది. ఇంతవరకు ఒక్క పేజీ మీదా ఒక్క ముద్ర పడలేదు. వచ్చే జనవరితో ఉద్యోగం అయిపోతుంది. పరాయివాళ్ళ ప్రయాణాలు మోసి మోసి ఆమె నిజంగా అలసిపోయింది. ఈ వేసవి దాటితే ఇక ఆ కోరికని కూడా ఆ సొరుగులోనే పెట్టి తాళం వేసుకోవాలి.

ఈ వేసవి చైనా వెళ్ళే పదిమంది జాబితాలో పదో అమ్మాయికి పెళ్ళి కుదిరి నిన్ననే మానుకుంది. మధ్యాహ్నం పన్నెండులోగా పూర్తి జాబితా వెళ్ళాలి. ఇక్కడ పన్నెండంటే చైనాలో ఆఫీసు మూసే వేళ.

పదింటికి సమీహా పుదీనా టీ స్వయంగా కలిపి పట్టుకెళ్ళింది. మెంగ్ లేచి నిలబడి రెండు చేతులతో గ్లాసు అందుకున్నాడు. ఆమె కదల్లేదు.

"ఇంకేమైనా అడగాలా?" అంది.

"ఏమీ లేదు, మదామ్. టీ చాలా బాగున్నది."

పదకొండింటికి వెళ్ళి అడక్కుండానే కిటికీ తెరిచింది. కాసేపాగి, ఎండ వస్తోందని మళ్ళీ మూసింది. "సరే" అన్న మాట నాలుక చివర కాచుకుని ఉంది. అతను ధన్యవాదాలు చెప్పి రాసుకోవడంలో పడ్డాడు.

"టీ ఇచ్చావు, కిటికీ తీశావు, మూశావు. ఇక తల దువ్వి రావడమే మిగిలింది," అంది ఇన్షిరాహ్. "నోరు తెరిచి వస్తానని చెప్పు, ఓ పనైపోతుంది!"

"అడుక్కుని వెళ్ళనా? ఈ వయసులోనా?"

"ఏటా అతనో మాట అంటూనే ఉన్నాడుగా, అప్పుడైనా ఊఁ అనొచ్చుగా!"

"అవన్నీ పడవవాడి పిలుపులే. నది మధ్యలోంచి, ఒడ్డున పోయేవాణ్ణి భోజనానికి రమ్మన్నట్టు. జాబితా నిండాక పిలిస్తే ఏం లాభం? ఈసారైతే నిజంగా చోటుంది."

పన్నెండుకి పావుగంట ఉందనగా మెంగ్ జాబితా పట్టుకుని వచ్చాడు. డేగ బొమ్మున్న ప్రభుత్వ ముద్ర సమీహా దగ్గరే ఉంటుంది. అది పడందే ఆ కేంద్రం నుంచి చీటీ కూడా బయటికి పోదు.

"ముద్ర వేయండి, మదామ్."

"పదో చోటు..." ఆమె ముద్ర చేతిలోకి తీసుకుంది. "నిండిందా?"

"నిండినది. తమరు సంతోషిస్తారు," అని నవ్వాడు మెంగ్.

సమీహా కళ్ళు చెమర్చాయి. ఇదన్నమాట సంగతి! రెండోసారి అడగలేదు, మూడోసారి అడగలేదు, తనే పేరు రాసేశాడు. ఇన్నేళ్ళకి తన మనసు తెలుసుకున్న మనిషి ఒకడు దొరికాడు. కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా, ముద్రని సిరాలో అద్ది ధన్‌మని కొట్టింది. ఒకసారి డేగ వాలిన కాగితాన్ని ఇక దిద్దడానికి లేదు.

అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో పేరూ దాటుకుంటూ కిందకి వచ్చింది. పదో పేరు హనాదీ అబ్దుల్ షకూర్. రెండో ఏడాది విద్యార్థిని.

ఇన్షిరాహ్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మెంగ్ గారూ," అంది సమీహా. జీవితంలో మొదటిసారి మర్యాద పక్కన పెట్టింది. "నన్ను మళ్ళీ ఎందుకు అడగలేదు? నేను చెప్పిన పాఠమే మరిచిపోయారా?"

మెంగ్ నొచ్చుకున్నాడు. జేబులోంచి నోటుపుస్తకం తీసి, రెండు గీతలున్న పేజీ ఆమె ముందు పెట్టాడు.

"ఎట్లు మరుస్తాను, మదామ్? వచ్చిన ఏడాది అడిగాను, వద్దన్నారు. నిరుడు అడిగాను, వద్దన్నారు. ఈ ఉదయం అడిగినది మూడోసారి."