ఏడింటి ఫోను

లెక్కలమ్మ మీద మోటార్ల మెకానిక్కుకి పీకలదాకా కోపం.

పొద్దున ఏడయితే చాలు, ఫోను.

"అన్నయ్యగారూ, ఇవాళ షుగరెంత?"

మొదటిరోజు, "మీ షుగర్ కార్డు నా దగ్గరుందండీ, మీ నంబరూ వేలి పుండూ అన్నీ ఇందులో రాసున్నాయి" అంది. ఆస్పత్రి మనిషనుకున్నాడు. పేరడిగితే, "పేరెందుకు, లెక్క చెప్పండి" అంది. అలా లెక్కలమ్మ అయింది.

భార్య పోయి ఏడు నెలలు. షెడ్డు తాళం తియ్యలేదు. మాత్రలు కవర్లోంచి బయటికి రాలేదు. కాలి బొటనవేలి మీద పుండు.

"మందు పెంచితే తగ్గేది కాదయ్యా. ముందు ఆ దిగుల్లోంచి లేవాలి. లేకపోతే వేలు తీసెయ్యాలి," అన్నాడు డాక్టరు.

"తీసేసుకోండి," అన్నాడు మెకానిక్కు.

లెక్కలమ్మ వదిలితేగా. ఇంట్లో ఉన్న షుగరు మిషన్లో చూసుకుని చెప్పేదాకా ఫోను పెట్టదు.

"ఎంత?"

"మూడొందల నలభై. సంతోషమా?"

"మాత్ర వేసుకున్నారా?"

"మోటార్లు చుట్టుకునేవాణ్ణి. నన్నెందుకు కాల్చుకు తింటారు?"

"మోటార్లా? అయితే ఇది వినండి."

ఫోనులో గరగరమని చప్పుడు.

"ఫ్యాను. బేరింగు ఎండిపోయింది," అన్నాడు, ఉండబట్టలేక.

మర్నాడు నీళ్ళ మోటారు వినిపించింది. ఆ మర్నాడు మిక్సీ.

"మీ ఇంట్లో సవ్యంగా తిరిగేది ఒక్కటీ లేదా?"

"లేదండీ," అంది. "ఆ బేరింగు ఏ సైజంటారు?"

"చూసి చెప్పాలి."

"చూడండి మరి."

తిట్టుకుంటూనే షెడ్డుకి నడిచాడు. బేరింగుల డబ్బా వెతుకుతుంటే సగం చుట్టి వదిలేసిన మోటారు కనబడింది. కూర్చుని రాగితీగ చుట్టాడు. మధ్యాహ్నానికి ఆకలేసింది. ఎన్నాళ్ళకో.

మర్నాడూ వెళ్ళాడు. మాత్ర కూడా మింగాడు, ఆవిడ నసకి భయపడి.

రెండొందల అరవై. నూట తొంభై. పుండు ఎండింది.

"నూట ముప్పై రెండు," అన్నాడొకరోజు, పరీక్ష పాసైనవాడిలా.



"వేలు దక్కింది కదా," అంది మెల్లగా.

తర్వాత నాలుగు రోజులు ఫోను మోగలేదు. తను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఐదోరోజు దెబ్బలాడటానికే ఆస్పత్రికి వెళ్ళాడు.

"రోజూ పీక్కుతిని ఇప్పుడు మానేస్తే ఎలాగమ్మా? ఏదీ ఆవిడ?"

"మేం ఎవరికీ ఫోన్లు చెయ్యమండీ," అంది నర్సు.

నంబరు చూపించి, తన షుగర్ కార్డు ఆవిడ దగ్గరే ఉందన్నాడు. రిజిస్టరు తిప్పింది. ఒక పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఈవిడ మా పేషెంటండీ. కౌంటర్లో మీ కార్డు పొరపాటున ఆవిడకిచ్చినట్టున్నారు. ఆవిడ... మొన్న గురువారం పోయారు. షుగరు ఆరొందలు దాటాక తీసుకొచ్చారు."

"నాకు మాత్రలు మింగించిన మనిషికా?"

నర్సు రిజిస్టరు మూసింది.

"కొడుకు పోయిన దగ్గర్నుంచి మందు ముట్టలేదట, గోడవైపు తిరిగి పడుకోవడమే. పొద్దున ఏడింటికి మాత్రం, ఎవరికో ఫోన్ చెయ్యాలంటూ, తనంతట తనే లేచి కూర్చునేదని ఆవిడ కూతురు చెప్పింది."