బదులు గుండె

“ఈ పట్టీ రేపు పొద్దునదాకా ఛాతీ మీదనే ఉండాలె షాలేమ్‌రాజన్నా. అస్సలు తియ్యొద్దు.”

నర్సు బ్లెస్సీ అలా చెప్పి, అగ్గిపెట్టెంత యంత్రం అమర్చిన పట్టీని అతని చేతిలో పెట్టింది.

షాలేమ్‌రాజు పాల్వంచలో షిఫ్టు బస్సు డ్రైవరు. భద్రాచలం వైపు అడవి రోడ్డు మీద రోజూ యాభై మంది పనివాళ్లను తెచ్చి దింపుతాడు. పదహారేళ్లుగా ఆ స్టీరింగే అతనికి అన్నం పెడుతోంది.

ఈ ఏడు ఇక్కడి డ్రైవర్లకు కూడా క్యాంపు పెట్టి గుండె పరీక్ష చేస్తున్నారు.

“ఏంది సిస్టర్ ఇది? వాచీ లెక్క నాడి జూస్తదా?”

“నాడి గాదన్నా. మన చెవికి వినబడని శబ్దం లోపలికి పంపుతది. అది పారే రక్తానికి తగిలి తిరిగొస్తది. ఎదురొచ్చే బండి హారన్ ఒక తీరు, దాటిపోయినంక ఇంకో తీరు వినబడదా? గట్లనే, రక్తం ముందుకు పోతాందా, వాల్వు లీకై వెనక్కొస్తాందా చెప్తది.”

హారన్ సంగతి డ్రైవరుకు వేరే చెప్పాలా! ఇట్టే అర్థమైంది. అర్థమయ్యాకే భయం పట్టుకుంది.

నెల రోజులుగా నాలుగు మెట్లెక్కితే చాలు, ఛాతీ పట్టేస్తోంది. ఇంట్లో సవరమ్మకు కూడా చెప్పలేదు. అన్‌ఫిట్ అని రాశారంటే బస్సు తాళాలు ఇంకొకరి చేతికి పోతాయి. నలభై తొమ్మిదేళ్ల వయసులో ఇంకే పని దొరుకుతుంది?

పట్టీ జేబులో కుక్కుకుని, బస్సు షెడ్డు ఎదుటి చాయ్ హోటల్లో కూలబడ్డాడు.

ఎదుటి బల్ల మీద ఒక బక్కపల్చటి మనిషి. ఇస్త్రీ చేసిన పాత చొక్కా. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

“పట్టీ జేబుల ఉందేంది తమ్మీ?”

షాలేమ్‌రాజు ఉలిక్కిపడ్డాడు. “నీకెందుకన్నా?”

“ఊకెనే అడిగిన. భయమైతే నాకియ్యి. నేను కట్టుకుంట.”

అడక్కుండానే దొరికిన వరం! అయినా డ్రైవరు కదా, కండిషన్ అడక్కుండా బండెక్కుతాడా?

“నీ గుండె మంచిదేనా?”

“కొట్టుకుంటనే ఉంది.”

“ఎవరికీ చెప్పవు గద?”

“చెప్ప. రేపు పొద్దున ఇక్కడనే ఉంట.”

షాలేమ్‌రాజు పేరు అడగలేదు, ఊరు అడగలేదు. కనీసం చాయ్ తాగుతావా అని కూడా అనలేదు. గండం గట్టెక్కిందనుకున్న మనిషికి ఇంకేం పడుతుంది చెప్పండి!

తెల్లారి ఆ మనిషి దగ్గర పట్టీ తీసుకుని నర్సుకు ఇచ్చేశాడు. గంటలోనే ఫోను.

“జల్దీ రా అన్నా.”

బ్లెస్సీ కంప్యూటర్ తెర చూపించింది. “వాల్వు లీకైతాంది. ముందుకు పోయిన రక్తంల సగం వెనక్కే వస్తాంది. ఇంక నువ్వు బస్సు ముట్టొద్దు.”

ఎవడి గుండెకో తన స్టీరింగ్ పోవడమా! ఇదెక్కడి ఖర్మ!

“సిస్టర్, అది నాది గాదు! ఒట్టు, నాది గాదు! చాయ్ హోటల్ల ఎవడో బక్కాయనకు కట్టిన. నన్ను నిండా ముంచిండు గా మోసగాడు!”

తిట్టిపోస్తుందనుకున్నాడు. ఆమె మాత్రం కొత్త పట్టీ తెచ్చి, తనే స్వయంగా అతని ఛాతీకి బిగించింది.

“ఇప్పుడు ఇక్కడనే పండుకో. ఈసారి నా కండ్ల ముందట.”

మర్నాడు డాక్టరుగారు చూసి చెప్పారు. వాల్వులు శుభ్రంగా ఉన్నాయి. బీపీ పెరిగి గుండెకు శ్రమ అవుతోంది. ఇంకో ఆర్నెల్లు దాచుకుని ఉంటే ప్రాణం మీదికి వచ్చేది. నెల రోజులు మాత్రలు వేసుకుని విశ్రాంతి తీసుకుంటే మళ్లీ బస్సెక్కవచ్చు.

“స్తోత్రం ప్రభువా!”

షాలేమ్‌రాజు అక్కడే కూర్చుని ఏడ్చేశాడు. సవరమ్మకు ఫోన్ చేసి, దాచినదంతా కక్కేశాడు. ఆమె కడిగిపారేసింది. ఆ తిట్లు కూడా అతనికి ఎంతో హాయిగా ఉన్నాయి.

తేరుకున్నాక కోపం గుర్తొచ్చింది. ఆ బక్కాయన్ను నిలదీయాలని చాయ్ హోటల్‌కు పరుగెత్తబోయి, ఛాతీ సంగతి తలుచుకుని మెల్లగా నడిచాడు.

బల్ల ఖాళీ. పొద్దున్నే సత్తుపల్లి బస్సెక్కాడట.

తిరిగి బ్లెస్సీ దగ్గరికే వచ్చాడు. “సిస్టర్, ఎవరాయన? నా మీద ఏం పగ?”

“పగిడయ్య అని. నీ పేరు మీద ఆయన గుండె చూడంగనే గుర్తుపట్టిన. నీ నోటితోనే రావాలని ఊకున్న. మధిర క్యాంపుల ఒకరి పేరు మీద, ఏన్కూరుల ఇద్దరి పేరు మీద ఇదే గుండె వచ్చింది. ముగ్గురూ ఇప్పుడు మందులు వాడుతున్నరు.”

షాలేమ్‌రాజు పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“భయపడ్డోళ్లు మంచి గుండె ఉన్నోనికి కడితే మాకు తెల్వనే తెల్వదన్నా. ఈయనకు కడితే దొరికిపోతరు. అందుకని క్యాంపు ఎక్కడ పెడితే అక్కడ, ఆయన ముందుగనే పోయి చాయ్ హోటల్ల కూసుంటడు.”

“ఆయనకెందుకు సిస్టర్ గంత బాధ?”

“ఆయనా డ్రైవరే. పోయినేడు పట్టీని తమ్ముని ఛాతీకి కట్టి ఫిట్ అని రాయించుకున్నడు. వారం తిరగకముందే స్టీరింగ్ మీద సోయి తప్పిండు, బండి బోల్తా పడ్డది. దాంట్ల ఉన్నది ఆ తమ్ముడొక్కడే, వాడు మళ్ల లేవలే.”