ఊగడం మానేసిన ట్రైలర్

చక్రాల మీద ఉండే ట్రైలర్ ఇళ్ళు బాగుచేసే షాపులో పని మానేసి, సొంత వ్యాను మీద తన పేరు రాయించుకున్నాక డెల్మర్‌కు వచ్చిన మొదటి పిలుపు అది. అరిజోనా ఎడారిలో ఒంటరి ట్రైలర్. అందులో లొరెట్టా అనే ముసలావిడ ఒక్కతే ఉంటోంది. రాత్రిళ్ళు ఎవరో నడుస్తున్నట్టు ట్రైలర్ ఊగుతోందని ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు.

"మూలల కింద జాకీలు వదులయ్యాయమ్మా, అంతే," అన్నాడు డెల్మర్. కిందికి దూరి నాలుగూ గట్టిగా బిగించాడు. ఇక లోపల గెంతినా అది కదలదు.

అప్పటికి బాగా చీకటి పడింది. బయట మడతకుర్చీలో కూర్చున్న లొరెట్టా ట్రైలర్ వంకే చూస్తోంది. పక్క కుర్చీ ఖాళీ.

"ఈపాటికి మా ఆయన మంచినీళ్ళకు లేస్తాడు. పోయి ఏడాదైనా ఆ అలవాటు మానలేదు," అందావిడ.

డెల్మర్ కూడా అటే చూశాడు. ఎంతసేపు చూసినా ట్రైలర్ బండరాయిలా ఉండిపోయింది. ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"ఆ బిగింపు విప్పెయ్ నాయనా. ఎలా ఉండేదో అలాగే ఉండనీ."

అతను విప్పేశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. ట్రైలర్ కదల్లేదు.

వెనకాల ఏదో కిర్రుమంది. డెల్మర్ తిరిగి చూశాడు. తాళం వేసి ఉన్న తన వ్యాను, డ్రైవరు పక్క సీట్లో ఎవరో ఎక్కి కూర్చున్నట్టు, మెల్లగా అటువైపు ఒరిగింది.

లొరెట్టా కళ్ళు తుడుచుకుంది.

"ఎప్పుడూ ఇంతే. కోపమొస్తే మాట్లాడడు, లేచి వెళ్ళిపోతాడు," అంది. "మెల్లగా నడుపు నాయనా. ఆయనకి స్పీడంటే భయం."