ముద్ద వెండి

"ఈ మెట్టెలు చేసింది నువ్వా?"

అంత మాట అడగడానికి వెంకట్రాజుగారు గొంతు దగ్గర వేలు పెట్టుకోవాల్సి వచ్చింది. పోయినేడు గొంతు పూడుకుపోయి ఊపిరాడకపోతే ఏలూరు మిషను ఆసుపత్రిలో కోసి, వెండి గొట్టం అమర్చారు. అది మూస్తేనే మాట పలుకుతుంది.

"నేనేనండి," అంది సుందరమ్మ, కుంపటి ముందు నుంచి లేవకుండానే.

"ఇది వీరాస్వామి కొట్టు అని మా గుమాస్తా చెప్పాడే!"

"మా ఆయనేనండి. పోయి మూడేళ్లయింది. జనం ఇంకా ఆ పేరే అంటున్నారు."

రాజుగారి మొహం మాడిపోయింది.

"విధవ చేసిన మెట్టెలా నా కూతురి పెళ్లికి?"

"పని బాగాలేదాండీ?"

"పని సంగతి కాదు. చేతి సంగతి."

"నా మొహాన బొట్టుందో లేదో కుంపటి అడగదండి. ఊదితే మండుతుంది."

బజారులో ఎవరో కిసుక్కున నవ్వారు.

రాజుగారు మెట్టెల్ని మళ్లీ చూశారు. వాటి మీది మల్లెమొగ్గలు వదలబుద్ధి కాలేదు.

"సరే, పసుపునీళ్లలో కడిగించి పట్టుకెళతాను. తాడేపల్లిగూడెం ఆచారి చేశాడని చెబుతాను. నువ్వు మాత్రం నోరు మెదపకు."

సుందరమ్మ ఆయన గొంతు వంక ఒక్క క్షణం చూసింది.

"ఓసారిలా ఇవ్వండి."

మెరుగు పెడుతుందనుకుని ఇచ్చారు.

ఆమె వాటిని మూసలో వేసి, ఊదుగొట్టంతో నిప్పు ఊదింది. మొగ్గలు కరిగిపోయాయి.

"ఏయ్! ఏమిటిది?"

"వెండి మీదేనండి. తూకం చూసుకోండి." చల్లారిన ముద్దను పట్టకారుతో ముందుకు జరిపింది. "పని నాది. వేరొకరి పేరు మీద పంపను."

"నీకింత పొగరా! ఈ జిల్లాలో నీకు పెళ్లి పని ఎవడిస్తాడో చూస్తాను."

"చూడండి. నేనిక్కడే ఉంటాను."

రాజుగారు ముద్దను రొంటిన దోపుకుని, గొట్టం శుభ్రం చేయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లారు. నర్సు హన్నమ్మకి జరిగిందంతా చెప్పారు.

"ఆడది కుంపటి ముందు కూర్చోవడం ఎక్కడైనా ఉందా?"

"మా దొరసాని డాక్టరుగారి దేశంలో పూర్వం ఉండేదటండి. భర్త పోతే భార్యే వెండి పని చేసి, దాని మీద తన పేరే ముద్ర కొట్టేదట."

"సీమవాళ్లకి చెల్లుతుందిలే. వాళ్ల పనితనం వేరు. ఈ గొట్టమే చూడు, నా ప్రాణం దీని మీదే నడుస్తోంది. మనవాళ్లకి చేతనవుతుందా?"

గొట్టం చుట్టూ తుడుస్తున్న హన్నమ్మ చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

"సీమ గొట్టాలేవీ మీ గొంతుకి సరిపోలేదండి రాజుగారూ. మీకు స్పృహ లేని ఆ పూట, మా వరండాలోనే కుంపటి పెట్టుకుని దీన్ని చేసిచ్చింది ఆ సుందరమ్మగారేనండి."