సీట్లన్నీ ఫుల్

దొంగ ప్రయాణికుల్ని ఎక్కణ్ణుంచి పోగెయ్యాలా అని కండక్టరు పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు. పెళ్లాం తరఫు చుట్టాలు ఉన్నది ఎందుకు మరి?

కొండమీద కాలనీకి వెళ్లే అతని బస్సుని చూడ్డానికి ఆ రోజు తనిఖీ అధికారి వస్తున్నాడు. ఆ బస్సుకి ప్రభుత్వం సొమ్ము ఇవ్వాలా వద్దా అని తేల్చేది ఆయనే. “ఖాళీగా తిరిగే బస్సుల్ని పీకేస్తారట గురూ,” అని డ్రైవరు క్యాంటీన్లో విన్నది విన్నట్టు మోసుకొచ్చాడు.

బస్సులో రోజూ ఎక్కేది ఆస్పత్రి ఆయా, స్కూలు టీచరమ్మ, కాలు సరిగా లేని ఒక టైలరు. అంతే. బస్సు ఆగిపోతే ఆ ముగ్గురూ కొండెక్కి నడవాలి. కండక్టరు మాత్రం నడవక్కర్లేదు, ఇంట్లో కూర్చోవచ్చు. ఈ రూటు ఉంటేనే అతనికి ఉద్యోగం.

ఇన్నేళ్ల సర్వీసులో సీట్లు ఖాళీగా ఉన్నాయని తిట్టిన అధికారులే గానీ, నిండుగా ఉన్నాయని తిట్టినవాడు ఒక్కడూ లేడు. కాబట్టి నింపి పారెయ్యడమే! ఈ ఆలోచన తట్టిన పూట అద్దంలో తన మొహం తనే చూసుకుని, ‘నువ్వు కండక్టరుగా ఉండాల్సినవాడివి కాదురా, మంత్రివి కావాల్సినవాడివి’ అనుకున్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది అతనికి.

అత్తగారు, ఆవిడ చెల్లెలు, బావమరిది, తోడల్లుడి కుటుంబం, వాళ్ల వెంట వాళ్ల పక్కింటివాళ్లు డిపోలోనే ఎక్కి కూర్చున్నారు. టిక్కెట్లన్నీ కండక్టరు సొంత జేబులోంచే.

“నేనెవరో మీకు తెలీదు. ఎవరూ నన్ను పలకరించొద్దు,” అని ముందే గట్టిగా చెప్పాడు.

“దానికేం భాగ్యం బావా, మామూలప్పుడు మాత్రం పలకరిస్తున్నామా?” అన్నాడు బావమరిది.

అధికారి ఎక్కాడు. సన్నటి మనిషి, నీరసంగా ఉన్నాడు. మధ్య సీట్లో కూర్చుని చుట్టూ చూశాడు. తర్వాతి స్టాపులో ఆయా, టీచరమ్మల వెనకే టైలరు ఎక్కాడు. తను రోజూ కూర్చునే సీట్లో బావమరిది గురకపెడుతుంటే బిత్తరపోయాడు.

“ఏమయ్యా, ఊళ్లో ఏదైనా గొడవా? అందరూ ఖాళీ చేసి పోతున్నారా?”

“ముందుకి జరగండి, ముందుకి!” అని కండక్టరు అతన్ని ఇంజన్ దాకా నెట్టేశాడు. బస్సు నిండిపోయిన సంబరంలో, అసలు ప్రయాణికులు ముగ్గురూ నిలబడే వస్తున్న సంగతి అతని కంటికి ఆనలేదు.

కాలనీ వచ్చింది. ఆఖరి స్టాపు. ఆ ముగ్గురూ దిగిపోయారు. మిగతావాళ్లు ఒక్కరు కూడా కదల్లేదు! మళ్లీ ఇదే బస్సులో వెనక్కి వెళ్లాల్సినవాళ్లు ఎందుకు దిగుతారు? వెళ్లడం గురించి అన్నీ ఆలోచించిన మంత్రిగారు రావడం గురించి ఆలోచించనే లేదు. అధికారి చేతి గడియారం చూసుకున్నాడు, తర్వాత జనం వైపు చూశాడు.

“ఆఖరి స్టాపండీ! దిగాలి, దిగాలి!” అని కండక్టరు గొంతు చించుకున్నాడు.

అందరూ ముందు తలుపులోంచి దిగి, బస్సు చుట్టూ తిరిగి, వెనక తలుపులోంచి ఎక్కారు. అధికారి తనని పోల్చుకోకుండా ఉండాలని అత్తగారు చెల్లెలితో కళ్లజోడు మార్చుకుంది. దాంతో ఏమీ కనబడక, తడుముకుంటూ వచ్చి సరిగ్గా అధికారి పక్కనే కూలబడింది.

“అల్లుడూ, టిక్కెట్టు ఇవ్వు!”

అధికారి కనుబొమలు పైకి లేచాయి. “ఈయన మీ అల్లుడా అమ్మా?”

అత్తగారు తడుముకోలేదు. “ఈ వయసులో నాకు అందరూ అల్లుళ్లే నాయనా. నువ్వు మాత్రం కావూ?”

బావమరిది నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అధికారి కూడా నవ్వాడు. ‘ఈ ముసలావిడకి జన్మంతా రుణపడి ఉంటాను’ అనుకున్నాడు కండక్టరు. పెళ్లయ్యాక అత్తగారి గురించి అతను అంత మంచి మాట అనుకోవడం అదే మొదలు.

డిపో రాగానే అధికారి అతన్ని పక్కకి పిలిచాడు.

“ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. రోజూ ఇంత జనం ఉంటారా?”

“ఇవాళే కాస్త పల్చగా ఉన్నారండి.”

“బాగా ఆలోచించుకో. రోజూ ఇద్దరో ముగ్గురో ఎక్కుతారని చెప్పినా నేనేమీ అనుకోను. ఉన్నది ఉన్నట్టు చెబితే నీకే మంచిది.”

అబ్బో, ఎంత ముద్దుగా లాగుతున్నాడు కూపీ! ఇలాంటి తియ్యటి మాటలకి పడిపోయే వెర్రివాడిలా కనిపిస్తున్నానా ఈయనకి? అనుకుని కండక్టరు ఛాతీ విరుచుకున్నాడు.

“నా పిల్లల మీద ఒట్టండి. ఏ రోజు చూసినా కాలు పెట్టడానికి చోటుండదు!”

అధికారి నిట్టూర్చాడు. పెన్ను తీసి, చేతిలోని కాగితం మీద అడ్డంగా ఒక గీత కొట్టేశాడు.

“సంతోషమయ్యా! ఖాళీగా తిరిగినా ఆగిపోకూడని బస్సులకి నష్టం ప్రభుత్వమే భరిస్తుంది. ఆ సొమ్ము మీ బస్సుకే రాసిచ్చేద్దామని వచ్చాను గానీ, ఇంత జనం ఎక్కే బస్సుకి ఇంకెందుకు?”